పై మెట్టుకు వర్శిటీ ఫుట్‌బాల్ - విద్యార్థులపై ఫీజుల మోత

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లొరెటో ఒక చిన్న ఊరు. అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టు 34 ఏళ్ల తర్వాత 2025 మార్చిలో జాతీయ టోర్నమెంటుకు అర్హత సంపాదించింది. ఆడిన ఒకే ఒక్క మ్యాచ్‌లో అలబామా స్టేట్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడి ఇంటిముఖం పట్టింది. ఆ ముచ్చట తీరి సరిగ్గా వారం గడిచిందో లేదో, విశ్వవిద్యాలయ పాలక మండలి ఒక ప్రకటన వెలువరించింది. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ సహా తమ క్రీడా జట్లన్నింటినీ మొదటి డివిజన్ నుంచి ఉపసంహరించి, 2026-27 విద్యా సంవత్సరం నుంచి మూడవ డివిజన్‌కు తరలిస్తున్నామన్నది దాని సారాంశం. అంటే రెండు మెట్లు ఒక్కసారిగా దిగడమన్న మాట.

అదే సంవత్సరం జూలై 1న డెలావేర్, మిస్సోరీ స్టేట్ విశ్వవిద్యాలయాలు ఇందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో అడుగు వేశాయి. ఫుట్‌బాల్‌లో కింది అంచెను విడిచి, అన్నింటికంటే పైనున్న అంచెలో ప్రవేశించాయి. ఈ ప్రవేశానికి జాతీయ సంస్థకు చెల్లించవలసిన రుసుము 50 లక్షల డాలర్లు. రెండేళ్ల కిందట, అంటే 2023 అక్టోబర్‌లో నిబంధన మార్చక ముందు ఇదే రుసుము కేవలం 5 వేల డాలర్లు! ఒక్క తీర్మానంతో వెయ్యి రెట్లు పెరిగినా, తలుపు తట్టేవారి సంఖ్య తగ్గకపోవడం గమనార్హం.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన పాఠకులు ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టుకొని, శిరస్త్రాణాలు ధరించిన భారీకాయులు ఒకరినొకరు ఢీకొంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. కళాశాలల్లో ఈ ఆట గాయాలకు, మరణాలకు కారణమవుతుండటంతో 1905లో అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఏర్పడిన సంస్థే కాలక్రమంలో నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్‌గా, పొట్టి పేరుతో ఎన్‌సీఏఏగా స్థిరపడింది. ఆటగాళ్ల ప్రాణ రక్షణకు పుట్టిన సంస్థ ఒక శతాబ్దం తర్వాత కోట్ల డాలర్ల లావాదేవీలకు పెద్దమనిషిగా మారింది.

1973లో ఈ సంస్థ సభ్య కళాశాలలను మూడు డివిజన్లుగా విభజించింది. మొదటి డివిజన్‌లో ఫుట్‌బాల్ ఖర్చు భరించలేని వారు, ఎంతైనా ఖర్చు చేయగల వారు ఒకే గాటన ఉండటం కుదరకపోవడంతో 1978లో ఆ ఆటకు మాత్రం దానిని మళ్లీ రెండుగా చీల్చారు. పైది 1-ఎ, కిందిది 1-ఎఎ. ఈ పేర్లు 2006లో బౌల్ సబ్‌డివిజన్, చాంపియన్‌షిప్ సబ్‌డివిజన్‌గా మారాయి. 2025 సీజన్‌లో పై అంచెలో 136 జట్లు ఉండగా, కింది అంచెలో సుమారు 130 ఉన్నాయి. రెండవ డివిజన్‌లో ఉపకార వేతనాలు బాగా తక్కువ. మూడవ డివిజన్‌లో ఆట పేరిట ఉపకార వేతనం అసలే ఉండదు. అక్కడ విద్యార్థి ఆడేది కేవలం ఇష్టం కొద్దీ.

మన రంజీ ట్రోఫీలోనూ ఎలైట్, ప్లేట్ అనే అంతస్తులు ఉన్న సంగతి క్రికెట్ అభిమానులకు తెలిసిందే. 2022-23లో ఎలైట్ నుంచి జారిపోయిన హైదరాబాద్ జట్టు మరుసటి ఏడాది ప్లేట్ విభాగంలో విజేతగా నిలిచి, 2024 ఫిబ్రవరిలో తిరిగి పైకి వచ్చింది. ఓడితే దిగడం, గెలిస్తే ఎక్కడం, లెక్క అంతే. అమెరికా విశ్వవిద్యాలయాల పద్ధతి ఇది కాదు. ఎన్నేళ్లు వరుసగా ఓడినా పై అంచె నుంచి ఎవరూ గెంటివేయరు. ఎన్ని కప్పులు గెలిచినా ఎవరూ పిలిచి పీట వేయరు. ఎక్కాలనుకున్న వారు దరఖాస్తు చేసుకోవాలి, రుసుము చెల్లించాలి, స్టేడియం చూపించాలి. అన్నింటికీ మించి, పై అంచెలోని ఏదో ఒక కాన్ఫరెన్స్ నుంచి ఆహ్వానం సంపాదించాలి. మైదానంలో సాధించిన విజయం ఈ వ్యవహారంలో ఒక సిఫారసు ఉత్తరం మాత్రమే.

కాన్ఫరెన్స్ అంటే పది, పన్నెండు వర్శిటీలు కలిసి తమలో తాము పోటీలు పెట్టుకుని, టెలివిజన్ హక్కులను ఉమ్మడిగా అమ్ముకునే కూటమి. ఒకప్పుడు ఇరుగుపొరుగు రాష్ట్రాల వారు జతకట్టేవారు. ఇప్పుడు భౌగోళిక సామీప్యం ఎవరికీ పట్టడం లేదు. పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫోర్డ్ 2024 నుంచి అట్లాంటిక్ తీర కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నదంటే పరిస్థితి ఎక్కడికి వచ్చిందో ఊహించవచ్చు. ఈ ఆహ్వానం విలువ ఎంతటిదో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో స్టేట్ ఉదంతం చెబుతుంది. ఏ కూటమీ పిలవకపోయినా స్వతంత్ర జట్టుగానైనా పై అంచెలోకి రానివ్వమని ఆ వర్శిటీ చేసుకున్న విజ్ఞప్తిని ఎన్‌సీఏఏ 2025 జూన్‌లో తోసిపుచ్చింది.

మెట్టెక్కిన వారి మీద పడే నిబంధనల బరువు కూడా తక్కువేమీ కాదు. కనీసం 16 క్రీడల్లో జట్లను పోషించాలి. స్వంత మైదానంలో ఏటా పై అంచె జట్లతోనే ఐదు మ్యాచ్‌లు ఆడాలి. కింది అంచెలో ఫుట్‌బాల్‌కు 63 పూర్తి ఉపకార వేతనాలకు సమానమైన సొమ్ము గరిష్ఠ పరిమితి కాగా, పై అంచెలో అది చాలాకాలం 85గా ఉండేది. మగ పిల్లల ఉపకార వేతనాలు పెరిగితే ఆడపిల్లలకు కూడా ఆ మేరకు అవకాశాలు పెంచాలని 1972 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. డెలావేర్ వర్శిటీ ఫుట్‌బాల్‌లో పైకి వెళ్లదలచి, ఆ సమతూకం కోసం మహిళల ఐస్ హాకీ జట్టును నెలకొల్పుకోవలసి వచ్చింది. పెళ్లికి వెళ్తూ పల్లకీతో పాటు బోయీలనూ వెంటబెట్టుకుని పోయినట్లు, ఒక ఖర్చు వెనుక మరొక ఖర్చు వస్తుంది.

గెలిచినా గుమ్మం బయటే

చేరిన తర్వాత రెండేళ్లు పరివర్తన కాలం. ఈ గడువులో జట్టు ఎంత బాగా ఆడినా కాన్ఫరెన్స్ టైటిల్ పోరుకు గాని, సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్‌లకు గాని అర్హత ఉండదు. బౌల్ మ్యాచ్‌లకు తగినన్ని జట్లు దొరకని పక్షంలో మాత్రమే వీరికి పిలుపు వస్తుంది. ఈ నిబంధన చేదును వర్జీనియా రాష్ట్రంలోని జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం చవిచూసినంతగా మరెవరూ చూసి ఉండరు.

2022లో పై అంచెలో అడుగుపెట్టిన ఈ జట్టు మొదటి ఏడాదే 8 మ్యాచ్‌లు గెలిచి మూడింట మాత్రమే ఓడింది. మరుసటి సంవత్సరం వరుసగా 10 మ్యాచ్‌లు గెలిచింది. హారిసన్‌బర్గ్ అనే ఆ చిన్న పట్టణానికి 2023 నవంబర్‌లో ఈఎస్‌పీఎన్ టెలివిజన్ వారి ప్రసిద్ధ ప్రత్యక్ష కార్యక్రమం తరలి వచ్చింది. ఆ రోజునే, తొమ్మిదేళ్ల కిందట అదే మెట్టెక్కిన అప్పలాచియన్ స్టేట్ జట్టు అదనపు సమయంలో వారిని ఓడించి వెళ్లింది. రెండేళ్ల నిషేధం నుంచి మినహాయింపు ఇవ్వాలని వర్శిటీ మొర పెట్టుకున్నది. రాష్ట్ర అటార్నీ జనరల్ సైతం వకాల్తా పుచ్చుకుని కోర్టుకెక్కుతామని హెచ్చరించారు. ఎన్‌సీఏఏ చలించలేదు. చివరకు బౌల్ మ్యాచ్‌లకు జట్లు చాలకపోవడంతో నిబంధనలోని వెనుక ద్వారం గుండా ఆ జట్టుకు ఒక మ్యాచ్ దక్కింది. అప్పటికే శిక్షకుడు కర్ట్ సిగ్నెట్టి ఇండియానా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. పలువురు ఆటగాళ్లు ఆయన బాట పట్టారు. సైనిక వైమానిక అకాడమీ జట్టు చేతిలో 31-21 తేడాతో ఓటమి తప్పలేదు.

సిగ్నెట్టి కథ అంతటితో ఆగలేదు. పరాజయాలకు పెట్టింది పేరైన ఇండియానా జట్టును ఆయన రెండేళ్లలో జాతీయ విజేతగా నిలిపారు. 2026 జనవరిలో జరిగిన ఫైనల్‌లో మయామిని ఓడించి, ఆ సీజన్‌లో ఆడిన 16 మ్యాచ్‌లనూ గెలిచిన ఘనత ఆయనది. చిన్న వర్శిటీ పైకి వచ్చి బాగా ఆడితే శిక్షకుణ్ణి పెద్ద వర్శిటీ ఎగరేసుకుపోతుంది. విద్యార్థులు ఒక కళాశాల నుంచి మరొక కళాశాలకు బదిలీ కావడాన్ని ఇటీవలి సంవత్సరాల్లో సులభతరం చేశాక ఆటగాళ్ల విషయంలోనూ ఇదే జరుగుతున్నది. చెట్టు నాటి నీరు పోసేది ఒకరు, కాయ కోసుకునేది మరొకరు.

ఇంత కష్టానికి ఎందుకు పూనుకుంటారు?

ఇందుకు కారణం వెతకాలంటే 2007 సెప్టెంబర్ 1 నాటి ఒక మ్యాచ్ వద్దకు వెళ్లాలి. ఆ రోజు మిషిగన్ విశ్వవిద్యాలయం లక్షమందికి పైగా ప్రేక్షకుల సమక్షంలో సీజన్‌ను ప్రారంభించింది. ప్రత్యర్థి, నార్త్ కరొలినా కొండల మధ్య బూన్ అనే పట్టణంలో ఉన్న అప్పలాచియన్ స్టేట్. కింది అంచె జట్టు. ఇలాంటి మ్యాచ్‌లు అమెరికాలో సర్వసాధారణం. పెద్ద జట్టుకు తేలికైన గెలుపు, చిన్న జట్టుకు పెద్ద చెక్కు. మిషిగన్ ఆ రోజు అతిథులకు చెల్లించిన సొమ్ము 4 లక్షల డాలర్లు. ఆ సొమ్ము పుచ్చుకున్న వారే 34-32తో మిషిగన్‌ను మట్టి కరిపించి, దేశాన్ని దిగ్భ్రమలో ముంచెత్తారు.

అంతవరకు రాష్ట్రం దాటితే ఎవరూ ఎరుగని వర్శిటీ పేరు ఒక్క సాయంత్రంలో ఇంటింటా మారుమోగింది. 2014లో ఆ జట్టు పై అంచెకు చేరింది. 2015 నుంచి 2020 వరకు ఆడిన ఆరు బౌల్ మ్యాచ్‌లనూ గెలిచింది. 2022లో టెక్సాస్‌కు చెందిన ఎ అండ్ ఎం జట్టును వారి గడ్డ మీదే ఓడించింది. ఈసారి అతిథులకు ముట్టిన పైకం 15 లక్షల డాలర్లు. ఓడించేవారికి ఎదురు డబ్బిచ్చి పిలిపించుకోవడం మరే వ్యాపారంలోనూ కనబడదు.

విశ్వవిద్యాలయాల అధ్యక్షుల దృష్టిలో ఫుట్‌బాల్ ఒక ప్రకటనా సాధనం. టెలివిజన్‌లో మూడు గంటలపాటు వర్శిటీ పేరు వినబడితే దరఖాస్తులు పెరుగుతాయని, పూర్వ విద్యార్థులు చందాలు ఇస్తారని, రాష్ట్ర శాసనసభ్యులు నిధుల విషయంలో చేయి విదిలిస్తారని వారి నమ్మకం. దేశాన్ని ఉర్రూతలూగించిన 1984 నాటి ఒక విజయం తర్వాత బోస్టన్ కాలేజీకి దరఖాస్తులు పెరిగినందున, ఆ జట్టు సారథి డగ్ ఫ్లూటీ పేరు మీదుగా దీనికి 'ఫ్లూటీ ప్రభావం' అనే నామకరణం కూడా జరిగింది. ఈ ప్రభావం ఎంత, ఎంతకాలం అన్న విషయంలో ఆర్థిక శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. గెలిచిన జట్లను గురించి అందరూ చెప్పుకుంటారు. పైకి వెళ్లి ఓడుతున్న జట్ల వర్శిటీలకు దరఖాస్తులు ఎన్ని పెరిగాయని అడిగేవారు తక్కువ.

బిల్లు చెల్లించేది విద్యార్థి

లక్షమంది కూర్చునే స్టేడియం, ఏటా కోట్ల డాలర్ల టెలివిజన్ వాటా గల మిషిగన్, ఒహాయో స్టేట్ వంటి వర్శిటీలకు ఆట ఆదాయ వనరు. కొత్తగా మెట్టెక్కిన వారి పరిస్థితి వేరు. టికెట్ల అమ్మకం, టెలివిజన్ వాటా కలిపినా ఖర్చులో కొంత భాగమే గిట్టుతుంది. మిగిలిన లోటును విశ్వవిద్యాలయపు సాధారణ నిధులు, విద్యార్థుల వద్ద వసూలు చేసే తప్పనిసరి క్రీడా రుసుము పూడుస్తాయి. విద్యార్థి ఒక్క మ్యాచ్‌కు కూడా వెళ్లకపోవచ్చు. బంతి ఏ ఆకారంలో ఉంటుందో కూడా తెలియకపోవచ్చు. రుసుము మాత్రం కట్టవలసిందే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఎం.ఎస్. చదువుల కోసం వెళ్లే యువతీయువకులకు ఈ పద్దు కొత్తది కాదు. మనవారు చేరే వర్శిటీల్లో పలు సంస్థలు గత మూడు దశాబ్దాల్లో ఈ నిచ్చెన ఎక్కినవే. డల్లాస్ సమీపాన డెంటన్‌లో ఉన్న యూనివర్శిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ 1995లో తిరిగి పై అంచెకు వచ్చింది. అట్లాంటాలోని జార్జియా స్టేట్ 2010లో తొలిసారి ఫుట్‌బాల్ జట్టును దింపి, మూడేళ్లు తిరగకుండానే పై అంచెకు వెళ్లింది. వెళ్లిన మొదటి సంవత్సరం 12 మ్యాచ్‌లకు 12 ఓడింది. ఈ వర్శిటీ జట్టు ఇప్పుడు ఆడుతున్న మైదానం మరేదో కాదు, లియాండర్ పేస్ కాంస్యం గెలిచిన 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు నిర్మించిన ప్రధాన స్టేడియమే. ఆ తర్వాత బేస్‌బాల్ మైదానంగా ఉన్న దానిని వర్శిటీ 2017లో సొంతం చేసుకున్నది. ఇక నార్త్ కరొలినాలోని షార్లట్ వర్శిటీ 2013లో జట్టును ప్రారంభించి 2015కల్లా పైకి చేరింది.

ట్యూషన్ ఫీజుకు బ్యాంకు రుణం తీసుకుని, ఇల్లో పొలమో తాకట్టు పెట్టి పిల్లలను పంపే తల్లిదండ్రులు ఆ బిల్లులో 'అథ్లెటిక్స్' అన్న వరుసను గమనించారో లేదో చెప్పడం కష్టం. ఏడాదికి కొన్ని వందల డాలర్లే కావచ్చు. రూపాయల్లోకి మార్చుకుంటే అది మన వద్ద ఒక డిగ్రీ కళాశాల వార్షిక రుసుమును మించుతుంది. నార్త్ టెక్సాస్‌లో కొత్త స్టేడియం కోసం రుసుము విధించడానికి 2008లో విద్యార్థులే ఓటు వేసి ఆమోదించారు. స్టేడియం 2011లో తెరుచుకున్నది. ఓటు వేసినవారిలో చాలామంది అప్పటికి పట్టా పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటారు. ఏటేటా వచ్చే కొత్త విద్యార్థులకు ఆ ఓటుతో ప్రమేయం లేదు, చెల్లింపుతోనే ప్రమేయం.

ఈ విషయంలో వర్జీనియా రాష్ట్రం ఒక్కటే గట్టిగా వ్యవహరించిందని చెప్పాలి. 2015లో చేసిన చట్టం ప్రకారం క్రీడల ఖర్చులో విద్యార్థుల రుసుము, వర్శిటీ నిధుల వాటా ఎంతకు మించరాదో డివిజన్ వారీగా పరిమితి విధించారు. కింది అంచె ఫుట్‌బాల్ ఆడే వర్శిటీకి 70 శాతం, పై అంచెలోని సాధారణ కూటములకు చెందిన వర్శిటీకి 55 శాతం. సంపన్న కూటముల వారికి 20 శాతమే. డివిజన్ మారదలచిన వర్శిటీ ముందుగా శాసనసభ్యులతో కూడిన ఒక సమీక్షా సంఘం ఎదుట లెక్కలు ఒప్పించాలి. జేమ్స్ మాడిసన్ కూడా ఆ గడప తొక్కే పైకి వెళ్లింది. పరిమితే 55 శాతం అంటే, అసలు పరిమితి లేని రాష్ట్రాల సంగతి ఏమిటన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

మాస్కో నుంచి అలబామాకు

పైకి వెళ్లి తిరిగి స్వచ్ఛందంగా కిందికి వచ్చిన వర్శిటీ ఆధునిక కాలంలో ఒక్కటే. అది ఐడహో విశ్వవిద్యాలయం. దాని కథ కొంత వివరంగా చెప్పుకోదగ్గది.

వాయవ్య అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో మాస్కో అనే ఊరు ఉన్నది. రష్యా రాజధానితో పేరు మాత్రమే కలుస్తుంది. జనాభా సుమారు పాతిక వేలు. రాష్ట్ర ప్రభుత్వపు మొదటి విశ్వవిద్యాలయం అక్కడిదే. రాజధాని బాయిసీ నగరంలోని బాయిసీ స్టేట్ 1965 దాకా రెండేళ్ల జూనియర్ కళాశాలగా ఉండేది. 1996లో ఈ రెండూ ఒకేసారి, ఒకే కూటమిలో, పై అంచెకు వెళ్లాయి. ఆ తర్వాత వాటి దారులు వేరయ్యాయి. నీలిరంగు కృత్రిమ గడ్డి మీద ఆడే బాయిసీ స్టేట్ 2007 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో దిగ్గజమైన ఓక్లహోమాను 43-42తో ఓడించి దేశమంతటా పేరు మోసింది. 2024లో జాతీయ ప్లేఆఫ్‌ను 12 జట్లకు విస్తరించినప్పుడు మొదటి ఏడాదే అందులో స్థానం సంపాదించింది.

పాత వర్శిటీ గతి మరో విధంగా పరిణమించింది. ఐడహో చేరిన బిగ్ వెస్ట్ కూటమి 2000 సీజన్‌తో ఫుట్‌బాల్‌కు స్వస్తి చెప్పింది. అప్పుడు దక్షిణాదిన ఉన్న సన్ బెల్ట్ కూటమిలో తలదాచుకున్నది. 2005లో వెస్టర్న్ కూటమికి మారింది. 2012తో ఆ కూటమి కూడా ఫుట్‌బాల్ ఎత్తివేసింది. ఒక సంవత్సరం ఎవరి అండా లేకుండా ఆడి, 2014లో తిరిగి సన్ బెల్ట్ పంచన చేరింది. అద్దె ఇళ్లు మారే సంసారంలా ఉన్న ఈ ప్రయాణంలో అలబామా, లూసియానా, జార్జియా వర్శిటీలు దాని కూటమి జట్లయ్యాయి. ప్రతి మ్యాచ్‌కు దేశం ఈ కొస నుంచి ఆ కొసకు విమానయానం. దాని ఇండోర్ స్టేడియంలో పట్టే జనం 16 వేలు. 2016 మార్చిలో సన్ బెల్ట్ కూడా 2017 సీజన్ తర్వాత ఒప్పందం పొడిగించబోమని తెలియజేసింది.

అప్పటి అధ్యక్షుడు చక్ స్టాబెన్ ముందు రెండు మార్గాలు నిలిచాయి. స్వతంత్ర జట్టుగా ఊరూరా తిరిగి పారితోషికం కోసం ఓడిపోవడం, లేదా కింది అంచెలోని బిగ్ స్కై కూటమికి, పాత ఇరుగుపొరుగుల వద్దకు తిరిగి వెళ్లడం. ఆ ఏప్రిల్‌లో ఆయన రెండవ మార్గాన్ని ఎంచుకున్నారు. పూర్వ విద్యార్థులు మండిపడ్డారు. జూనియర్ కళాశాలగా మొదలైన బాయిసీ పైన ఉండగా తాము కిందికి దిగడమేమిటన్నది వారి ఉక్రోషం. విచిత్రమేమంటే నిర్ణయం ప్రకటించిన ఆ సంవత్సరమే జట్టు 9 మ్యాచ్‌లు గెలిచింది. స్వరాష్ట్రంలోనే, బంగాళాదుంప పేరు మీద జరిగే బౌల్ మ్యాచ్‌లో కొలరాడో స్టేట్‌ను 61-50తో ఓడించింది. అయినా నిర్ణయం మారలేదు. 2018 నుంచి కింది అంచెలో ఆడుతున్న ఐడహో 2022, 2023, 2024లలో వరుసగా మూడేళ్లు అక్కడి జాతీయ ప్లేఆఫ్‌కు చేరింది.

కిందికి దిగడం అంత తేలిక కాదనడానికి అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ వర్శిటీ నిదర్శనం. ఖర్చు భరించలేమంటూ 2014 డిసెంబర్‌లో అధ్యక్షుడు ఫుట్‌బాల్‌ను రద్దు చేశారు. ఆటగాళ్లు కన్నీరు పెట్టుకున్నారు, నగరం భగ్గుమన్నది, దాతలు ముందుకు వచ్చారు. ఆరు నెలలు తిరగకుండానే నిర్ణయాన్ని వెనక్కు తీసుకోవలసి వచ్చింది. 2017లో తిరిగి మైదానంలో దిగిన జట్టు ఆ మరుసటి ఏడాది తన కూటమిలో విజేత అయింది. వైద్య కళాశాలకు, ఆస్పత్రికి పేరుపొందిన ఒక వర్శిటీ అధ్యక్షుడు ఒక ఆటను ఆపలేకపోయారు.

జార్జియాలోని సవానా స్టేట్ కథ ఇంకొక రకం. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన ఈ ప్రభుత్వ వర్శిటీ 2012లో ఓక్లహోమా స్టేట్‌తో ఆడి 84-0తో, వారం తిరగకుండా ఫ్లోరిడా స్టేట్‌తో ఆడి 55-0తో ఓడింది. రెండవ మ్యాచ్‌ను మెరుపులు, వాన కారణంగా మధ్యలోనే ముగించకపోతే అంకె ఇంకా పెరిగేదే. రెండు ఓటములకూ కలిపి లభించిన మొత్తం 8 లక్షల 60 వేల డాలర్లు. ఆ సొమ్ము లేనిదే మొదటి డివిజన్‌లో కొనసాగడం సాధ్యం కాని స్థితి. తమకంటే బరువైన వారితో ఢీకొని దెబ్బలు తిన్నది ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు. 2019లో ఆ వర్శిటీ రెండవ డివిజన్‌కు దిగిపోయింది. అక్కడ మొదటి ఏడాదే ఓడిన వాటికంటే గెలిచిన మ్యాచ్‌లే ఎక్కువ.

ఇటువంటి నిర్ణయాలకు మూలపురుషుడు చికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్. నేటి బిగ్ టెన్ అనే సంపన్న కూటమి స్థాపకుల్లో చికాగో ఒకటి. అత్యుత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్న జే బెర్వాంగర్ అక్కడి విద్యార్థే. నాలుగేళ్ల తర్వాత మిషిగన్ చేతిలో 85-0తో ఓడిన సీజన్ ముగియగానే, 1939లో హచిన్స్ ఫుట్‌బాల్‌ను పూర్తిగా రద్దు చేశారు. ఖాళీ అయిన స్టేడియం గ్యాలరీల కింద, ఒక స్క్వాష్ కోర్టులో, 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మి బృందం ప్రపంచంలో మొదటి నియంత్రిత అణు శృంఖల చర్యను సాధించింది. 1969లో ఆట తిరిగి మొదలైంది గాని, చికాగో ఇప్పటికీ ఉపకార వేతనాలు లేని మూడవ డివిజన్‌లోనే ఉన్నది. నోబెల్ గ్రహీతల సంఖ్యకు ఆ కారణంగా లోటేమీ రాలేదు.

కొత్త లెక్కలు

ఇదిలా ఉండగా, 2025 జూన్ 6న కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఆమోదించిన ఒప్పందం ఈ వ్యవహారం స్వరూపాన్నే మార్చివేసింది. విద్యార్థి ఆటగాళ్లకు వేతనం ఇవ్వరాదన్న శతాబ్దపు నియమం అంతటితో చెల్లిపోయింది. పూర్వపు ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలి. ఇకపై ప్రతి వర్శిటీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. 2025-26కు దీని గరిష్ఠ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఫుట్‌బాల్‌లో 85 ఉపకార వేతనాల పరిమితి స్థానే 105 మంది ఆటగాళ్ల పరిమితి వచ్చింది. పరిహారంలో కొంత భాగం ఎన్‌సీఏఏ పంపిణీ చేసే వాటాల్లో కోత రూపంలో వసూలవుతుంది. ఈ దావాతో ఏ సంబంధమూ లేని చిన్న వర్శిటీలు కూడా ఆ కోత భరించాలి.

2 కోట్ల డాలర్లు మిషిగన్‌కు ఒక ఖర్చు. లొరెటోలోని సెయింట్ ఫ్రాన్సిస్‌కు ఊహకందని మొత్తం. ఆటగాళ్ల బదిలీలు, ఆటకు వేతనం వంటి పరిణామాలు కళాశాల క్రీడలను ఆట మీది మక్కువకు దూరంగా తీసుకుపోతున్నాయని ఆ వర్శిటీ తన నిర్ణయానికి కారణం చెప్పింది. అదే ఏడాది పై అంచెలోకి వెళ్లిన వారు సైతం ఇవే అంకెలను చూశారు. ఇప్పుడు ఎక్కకపోతే తలుపులు శాశ్వతంగా మూసుకుంటాయేమోనన్న భయం వారిని ముందుకు తోసిందని పరిశీలకులు భావిస్తున్నారు. ఒకే అంకె ఒకరిని కిందికి దింపింది, మరొకరిని పైకి ఎక్కించింది.

ఆ భయం పూర్తిగా నిరాధారమని అనలేము. 2026 నుంచి ఆరేళ్లపాటు జాతీయ ప్లేఆఫ్ ప్రసార హక్కులకు ఈఎస్‌పీఎన్ చెల్లించే మొత్తం 780 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం బిగ్ టెన్, ఆగ్నేయ కూటములకే పోతుంది. చిన్న కూటముల వారికి మిగిలింది స్వల్ప వాటా, పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో ఒక స్థానం దక్కవచ్చునన్న ఆశ.

ఆ ఆశ కొందరి విషయంలో ఫలించింది కూడా. 2023లో బౌల్ మ్యాచ్ కోసం రాష్ట్ర అటార్నీ జనరల్ ద్వారా మొర పెట్టుకున్న జేమ్స్ మాడిసన్, 2025 డిసెంబర్‌లో సన్ బెల్ట్ విజేతగా జాతీయ ప్లేఆఫ్‌కు ఎంపికయింది. పై అంచెలో దానికి అది నాలుగవ సీజన్. డిసెంబర్ 20న అరెగన్ వర్శిటీ మైదానంలో జరిగిన తొలి రౌండ్‌లో 51-34 తేడాతో ఓడిపోయింది. ఆ మ్యాచ్ నాటికే శిక్షకుడు బాబ్ చెస్నీకి లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉద్యోగం ఖరారు చేసింది.